కిడ్నీ చేసే హార్మోన్ల గురించి పేషెంట్లూ, ఇంట్లోవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. మిషన్ పక్కన నాలుగు గంటలు గడిచేటప్పుడు పేషెంట్లు అడిగేవి, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ల పిల్లలు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, ఏళ్ల తరబడి అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ డౌట్లలో సగానికి పైగా ఒకే అపోహ నుంచి వస్తాయి: కిడ్నీ అంటే జల్లెడ, అది పాడైతే మిషన్ అనే ఇంకో జల్లెడ పెట్టుకుంటే చాలు అని. కిడ్నీ వడపోయడంతో పాటు హార్మోన్లు కూడా తయారుచేస్తుంది, ఆ పని ఏ మిషనూ చేయలేదు. మందుల డోసు మాత్రం మీ నెఫ్రాలజిస్టే చెప్పాలి, ఇక్కడ ఉన్నది అర్థం చేసుకోవడానికి.

## రిపోర్ట్ చేతికొచ్చిన కొత్తలో

నాన్నకి కిడ్నీ జబ్బు అన్నారు సరే, రక్తం ఎందుకు తగ్గిపోతోంది? ఎక్కడా రక్తం పోవడం లేదు కదా?

పోవడం కాదు, తయారవడమే తగ్గింది. ఎర్ర రక్తకణాలు ఎముక మూలుగలో పుడతాయి. సెకనుకి దాదాపు 20 లక్షల కణాలు పుడతాయి, ఒక్కోటీ 120 రోజుల వరకు బతుకుతుంది. అయితే మూలుగ తనంతట తాను అంత వేగంగా పనిచేయదు, 'కణాలు కావాలి, చెయ్యి' అని కిడ్నీ నుంచి కబురు రావాలి. ఆ కబురే ఎరిత్రోపోయిటిన్, అందరూ ఈపీవో అంటారు. కిడ్నీలో సన్నని రక్తనాళాల పక్కన ఉండే కొన్ని కణాలు రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెడుతూ, తగ్గితే ఈపీవోని వదులుతాయి. పెద్దవాళ్లలో ఈ హార్మోన్ దాదాపు 90 శాతం కిడ్నీల్లోనే తయారవుతుంది, మిగతాది కాలేయం చేస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరితే కబురు పంపేవాళ్లే ఉండరు. మూలుగ బాగానే ఉంటుంది, కానీ దానికి పని చెప్పేవాళ్లు లేరు.

కింది కనురెప్పని వేలితో కొంచెం కిందికి లాగి చూడండి, లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి కనిపిస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. ఇవి వయసు వల్లే అనుకుని చాలామంది నెలల తరబడి ఊరుకుంటారు.

హార్మోన్లంటే థైరాయిడ్, ఇన్సులిన్ లాంటివి కదా? కిడ్నీ హార్మోన్ చేయడమేంటి?

స్కూల్లో మనకి గ్రంథుల పట్టిక ఒకటి చెప్పారు: పిట్యూటరీ, థైరాయిడ్, అడ్రినల్, క్లోమం. ఆ పట్టిక తప్పేమీ కాదు, కాకపోతే కథ అక్కడితో అయిపోలేదు. అసలు మొట్టమొదట గుర్తించిన హార్మోన్ గ్రంథిది కాదు, చిన్నపేగుది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పేగు గోడ నుంచి వచ్చే సెక్రిటిన్ అనే పదార్థం రక్తంలో వెళ్లి క్లోమాన్ని కదిలిస్తుందని చూపించారు. హార్మోన్ అన్న మాటని స్టార్లింగ్ వాడింది ఆ తర్వాత, 1905లో. అంటే పేరు కంటే ముందు పేగు హార్మోనే దొరికింది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. గుండె హార్మోన్ వదులుతుందని 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త చూపించారు. ఒంట్లో కొవ్వు లెప్టిన్ చేస్తుందని 1994లో, కడుపు ఆకలి పుట్టించే గ్రెలిన్ చేస్తుందని 1999లో తెలిసింది. కాలేయం, ఎముక, చర్మం కూడా ఈ జాబితాలోవే. వీటన్నిటికీ వేరే ముఖ్యమైన పనులున్నాయి, హార్మోన్ చేయడం దాంతోపాటు చేసే పని.

క్రియాటినిన్ ఎంత దాటితే రక్తం తగ్గడం మొదలవుతుంది?

ఫలానా అంకె దాటగానే అని గీత గీయలేం. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన ఒక మలినం. దానికంటే కిడ్నీ ఎంతవరకు వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే అంకె రిపోర్టులో చూడండి. అది 60 కంటే తగ్గాక కొందరిలో మెల్లగా మొదలవుతుంది, 30 కంటే దిగాక చాలామందిలో కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. వంశపారంపర్యంగా వచ్చే నీటితిత్తుల కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మాత్రం రక్తం అంతగా తగ్గకపోవచ్చు, వాళ్ల కిడ్నీల్లో ఈపీవో తయారీ కొంచెం మెరుగ్గా సాగుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లకి ఇంకో మాట. అక్కడ కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో ఉన్న జబ్బులో షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. షుగర్ లేదు, బీపీ లేదు, కాళ్లవాపు కూడా లేదు కాబట్టి కిడ్నీ బాగానే ఉందనుకోవద్దు. తోట పనికి వెళ్లే మనిషికి కారణం తెలియని నీరసం ఉంటే హిమోగ్లోబిన్‌తో పాటు క్రియాటినిన్ కూడా చూపించుకోండి.

దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం పెడుతున్నాం. అయినా పెరగడం లేదు, ఇంకేం పెట్టాలి?

దయచేసి ఆపండి. ఇది నేను ప్రతి వారం ఎవరో ఒకరికి చెప్పే మాట. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు, ఒకావిడ భర్తకి రోజూ రెండు గ్లాసుల బీట్‌రూట్ జ్యూస్ తీసి ఇచ్చేది, ఆయన మా దగ్గరికి వచ్చేసరికి పొటాషియం 7 దాటి ఉంది. మామూలు మనిషిలో అది 5 లోపు ఉంటుంది. పొటాషియం అంతగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజు ఆయన్ని వెంటనే మిషన్ మీద పెట్టాం, అదృష్టం బాగుండి బయటపడ్డారు.

పండ్లు, దుంపలు కిడ్నీ చేయాల్సిన హార్మోన్‌ని భర్తీ చేయలేవు. మీ పేషెంట్‌కి ఏ పండు ఎంత పెట్టొచ్చో డైటీషియన్ రాసిచ్చిన కాగితం ప్రకారమే పెట్టండి.

బీపీ వల్ల కిడ్నీ పాడైందంటారు, కిడ్నీ వల్ల బీపీ వచ్చిందంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. కిడ్నీకి రక్తం సరిగా అందడం లేదనిపిస్తే అది రెనిన్ అనే పదార్థం వదులుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే రెనిన్ ఎంజైమ్, కానీ హార్మోన్ లాగే రక్తంలో తిరిగి పనిచేస్తుంది. కాలేయం తయారుచేసిన ఇంకో పదార్థాన్ని ఇది కోస్తుంది, ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండే మరో ఎంజైమ్ దాన్ని ఇంకోసారి కోస్తుంది, చివరికి యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. దెబ్బతిన్న కిడ్నీ ఈ గొలుసుని అవసరం లేకపోయినా నడిపిస్తుంది. ఆ బీపీ మళ్లీ కిడ్నీనే దెబ్బతీస్తుంది. చాలామందికి రాసే టెల్మిసార్టన్ లాంటి మాత్రలు ఈ గొలుసునే తెంపుతాయి. అవి మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడమంటారు, ఆ టెస్ట్ ఎగ్గొట్టొద్దు.

## ఇంజెక్షన్లు మొదలైనప్పుడు

ఈ ఈపీవో ఇంజెక్షన్ దేంతో చేస్తారు? స్టెరాయిడ్ కాదు కదా?

స్టెరాయిడ్ కాదు. మీ కిడ్నీ చేయాల్సిన ప్రోటీన్ హార్మోన్‌నే ల్యాబ్‌లో పెంచిన కణాల చేత చేయిస్తారు. దీని వెనక ఒక కథ ఉంది, నాకు చాలా ఇష్టం. జపాన్‌లో మియాకే అనే డాక్టర్ తీవ్రమైన రక్తహీనత ఉన్న పేషెంట్ల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, ఆరబెట్టి, ఆ పొడిని అమెరికాకి తీసుకెళ్లారు. అక్కడ షికాగోలో గోల్డ్‌వాసర్ బృందం 1977లో దాంట్లోంచి శుద్ధమైన ఈపీవో తీసింది. అంత మూత్రానికి వచ్చింది కొన్ని మిల్లీగ్రాములే. ఆ కొంచెం దొరికింది కాబట్టే తర్వాత దాని జన్యువుని పట్టుకోగలిగారు, 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ పేషెంట్లకి రక్తం ఎక్కించడం తప్ప గట్టి దారి ఉండేది కాదు.

ఇంకొంచెం ఎక్కువ రోజులు పనిచేసే రకం డార్బెపోయిటిన్. దాని జనరిక్ రూపాన్ని హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2010లో మన దేశంలో తెచ్చింది.

ఇంజెక్షన్ వేసి పది రోజులైంది, హిమోగ్లోబిన్ అంగుళం కూడా కదల్లేదు. మందు నకిలీదా?

తొందరపడకండి. ఈపీవో రక్తం కాదు, రక్తం చేయమని చెప్పే కబురు మాత్రమే. కబురు అందాక మూలుగలో కణం పుట్టి, ఎదిగి, బయటికి రావాలి. సాధారణంగా 2 నుంచి 6 వారాల్లో మార్పు కనిపిస్తుంది. నెలకి ఒక గ్రాము, కొంచెం ఎక్కువ పెరిగితే బాగా పనిచేస్తున్నట్టే. మరీ గబగబా పెరగడం మంచిది కాదు, బీపీ ఎగబాకుతుంది.

నెలన్నర దాటినా కదలకపోతే కారణం వెతకాలి: ఐరన్ లేదా, ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉందా, మలంలో రక్తం పోతోందా, పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్) బాగా పెరిగిందా, డయాలసిస్ సరిపడా జరుగుతోందా. కొందరి విషయంలో కారణం చాలా చిన్నది, వారానికి రెండు రాసిస్తే డబ్బు సర్దుబాటు కాక ఒకటే వేయించుకుంటారు, సిగ్గుపడి చెప్పరు. చెప్పండి. తెలియకపోతే డాక్టర్ డోసు పెంచేస్తారు.

ఈపీవో వేస్తున్నారు కదా, మళ్లీ ఐరన్ సెలైన్‌లో ఎందుకు? మాత్ర వేసుకుంటే చాలదా?

మేస్త్రీని పిలిచి ఇటుకలు ఇవ్వకపోతే గోడ లేవదు. ఈపీవో మేస్త్రీ, ఐరన్ ఇటుక.

మాత్ర చాలామందికి ఎందుకు చాలదంటే, దానికి కారణం కాలేయం చేసే హెప్సిడిన్ అనే హార్మోన్. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇది పెరుగుతుంది, పైగా పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. హెప్సిడిన్ పెరిగితే పేగుల్లో ఐరన్ లోపలికి వచ్చే తలుపు మూసుకుంటుంది, నిల్వలో ఉన్న ఐరన్ కూడా గదిలో పెట్టి తాళం వేసినట్టు అక్కడే ఉండిపోతుంది. అందుకే కొందరి రిపోర్టులో ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ ఎక్కువే కనిపిస్తుంది, అయినా రక్తం పట్టదు. ఫెరిటిన్‌తో పాటు రక్తంలో వాడకానికి ఎంత ఐరన్ తిరుగుతోందో చూపే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూసి నిర్ణయిస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న రోజున ఐరన్ ఎక్కించుకోవద్దు, ముందే మాకు చెప్పండి.

ఇంజెక్షన్ టౌన్‌లో కొని ఊరికి బస్సులో తీసుకెళ్లాలి. రెండు గంటల ప్రయాణం. ఎలా?

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు. సిరంజిని కాగితంలో చుట్టి, ఒక కవర్లో పెట్టి, ఐస్ ముక్కలున్న ఫ్లాస్కులోనో థర్మోకోల్ డబ్బాలోనో పెట్టండి. ఐస్‌కి నేరుగా తగలనివ్వొద్దు. ఇంటికెళ్లాక ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, పై ఫ్రీజర్‌లో కాదు. తలుపు అర కూడా వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. గట్టిగా కుదపకూడదు, ఇది ప్రోటీన్, గిలక్కొడితే చెడిపోతుంది. ఒకసారి ఒక పెద్దాయన సిరంజిని ప్యాంటు జేబులో పెట్టుకుని మే నెల ఎండలో వచ్చాడు, అది పారేయక తప్పలేదు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది, కూలి డబ్బులు కూడబెట్టి కొన్నది.

హిమోగ్లోబిన్ 11 దగ్గరే ఆపేస్తున్నారు. 14 చేస్తే ఇంకా హుషారుగా ఉంటారు కదా?

ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న దాదాపు 4 వేల మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు, ఫలితం 2009లో వచ్చింది. హిమోగ్లోబిన్‌ని 13కి చేర్చాలని చూసిన వర్గంలో పక్షవాతం దాదాపు రెట్టింపు వచ్చింది. అప్పట్నుంచి ఎక్కువమందిని 10 నుంచి 11.5 మధ్య ఉంచుతున్నారు. మీ డాక్టర్ డోసు తగ్గించారంటే పిసినారితనం కాదు, జాగ్రత్త.

సూదులు భరించలేకపోతున్నాను. మాత్రలు లేవా?

ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గిందని కణం ఎలా కనిపెడుతుందో తేల్చినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకి 2019లో నోబెల్ వచ్చింది. ఆ సంగతి ఆధారంగానే ఈ మాత్రలు వచ్చాయి. ఆక్సిజన్ తగ్గిందని ఒంటిని నమ్మించి, సొంత ఈపీవోనే చేయిస్తాయి. మన దేశంలో డెసిడుస్టాట్ అనే అలాంటి మాత్రకి 2022లో అనుమతి వచ్చింది. అందరికీ సరిపడవు. క్యాన్సర్ ఉన్నా, గతంలో ఉన్నా, రక్తం గడ్డలు కట్టినా, పక్షవాతం వచ్చినా డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

## డయాలసిస్ నడుస్తున్నప్పుడు

వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేస్తున్నారు. ఇంకా ఈ ఇంజెక్షన్లన్నీ దేనికి?

మిషన్ మలినాల్ని తీస్తుంది, నీళ్లు తీస్తుంది, పొటాషియం సరిచేస్తుంది. హార్మోన్ ఒక్క చుక్క కూడా చేయదు. పైగా ప్రతిసారీ కొంచెం రక్తం పోతుంది. చివర్లో సెలైన్‌తో రక్తాన్ని వెనక్కి తోసేటప్పుడు గొట్టం ముదురు ఎరుపు నుంచి లేత గులాబీకి మారడం మీరూ చూసే ఉంటారు. ఆ గులాబీ రంగు కూడా మీ రక్తమే. రక్తాన్ని వడపోసే డయలైజర్‌లో రక్తం గడ్డకట్టిన రోజు ఇంకా ఎక్కువ పోతుంది. తొందరగా ఇంటికెళ్లాలని చివరి ఐదు నిమిషాలు గొడవ పెట్టకండి, ఆ రక్తం మొత్తం మీకు వెనక్కి రానివ్వండి.

రెండు బాటిళ్ల రక్తం ఎక్కించేస్తే సరిపోతుంది కదా?

ప్రాణాపాయం ఉంటే ఎక్కించాల్సిందే. మామూలు నీరసానికి మాత్రం వద్దు. వేరేవాళ్ల రక్తం ఎక్కినప్పుడల్లా మీ ఒంట్లో కొత్త యాంటీబాడీలు పుట్టే అవకాశం ఉంది, రేపు మార్పిడికి కిడ్నీ దొరికినప్పుడు అవే అడ్డొస్తాయి, మ్యాచ్ కాదంటారు. జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకంలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ఈ విషయం మరీ గుర్తుంచుకోవాలి.

రోజూ పొలంలో ఎండలోనే ఉంటాను. నాకు విటమిన్ డి తక్కువేంటి?

ఎండ పడితే చర్మం విటమిన్ డి ముడిసరుకు మాత్రమే చేస్తుంది. అది కాలేయంలో ఒకసారి మారాలి, తర్వాత కిడ్నీలో ఇంకోసారి మారాలి. కిడ్నీలో మారిన రూపమే కాల్సిట్రయాల్, నిజంగా పనిచేసే హార్మోన్ అదే. పేరుకే విటమిన్ గానీ ఇది హార్మోనే. మీకు చివరి మజిలీ మూతపడింది. అందుకే మెడికల్ షాపులో ఇచ్చే 60 వేల యూనిట్ల ప్యాకెట్ ఒక్కటే మీకు చాలకపోవచ్చు, తయారుగా ఉన్న కాల్సిట్రయాలో, కిడ్నీ అవసరం లేకుండా కాలేయంలోనే మారే ఆల్ఫాకాల్సిడాలో రాస్తారు. సొంతంగా కొనుక్కోకండి, ఎక్కువైతే కాల్షియం పెరిగి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

ఒళ్లంతా దురద, ఎముకల నొప్పి. ఫాస్ఫరస్ అంటారు, పీటీహెచ్ అంటారు. నాకేం అర్థం కావడం లేదు.

కిడ్నీ ఫాస్ఫరస్‌ని బయటికి పంపలేకపోతే ముందు గమనించేది ఎముక. అది ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ వదిలి, 'ఫాస్ఫరస్ పారేయ్' అని కిడ్నీకి చెబుతుంది. వినాల్సిన కిడ్నీ సగం చచ్చిపోయి ఉంటుంది. ఈ హార్మోన్ ఇంకో పని కూడా చేస్తుంది, కాల్సిట్రయాల్ తయారీని తగ్గిస్తుంది. దాంతో కాల్షియం పడిపోతుంది, అప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ పెంచి ఎముకలోని కాల్షియాన్ని లాగడం మొదలుపెడతాయి. ఎముకల నొప్పి అందుకే. దురదకి ఫాస్ఫరస్ ఒక్కటే కారణం కాకపోయినా అదీ ఒక కారణం.

సెవలమర్, కాల్షియం అసిటేట్ లాంటి మాత్రలు అన్నంతో పాటే వేసుకోవాలి. అవి తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగుల్లోనే పట్టుకుంటాయి. తిన్న రెండు గంటలకి వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

షుగర్ దానంతటదే తగ్గిపోతోంది. కిడ్నీ పోయినా ఇదొక్కటి మంచే జరిగింది కదా?

సంతోషించకండి, జాగ్రత్తపడండి. ఇన్సులిన్‌ని వాడేసి పారేసే పని కొంత కిడ్నీది. కిడ్నీ పనిచేయకపోతే వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లోనే ఉంటుంది, పాత డోసే ఎక్కువైపోతుంది. తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే షుగర్ చూసి, పంచదార నీళ్లు పట్టండి. తర్వాత డాక్టర్‌తో డోసు మార్పించండి.

గుండె టెస్టులో బీఎన్‌పీ వేలల్లో వచ్చింది. గుండె ఫెయిలైనట్టేనా?

బీఎన్‌పీ గుండె చేసే హార్మోన్. గుండె గోడలు సాగినప్పుడు, 'ఉప్పూ నీళ్లూ బయటికి పంపు' అని కిడ్నీకి చెప్పడానికి దాన్ని వదులుతుంది. 1988లో మొదట పంది మెదడులో దొరికింది కాబట్టి పేరులో మెదడు (బీ అంటే బ్రెయిన్) ఉండిపోయింది. ల్యాబుల్లో ఎక్కువగా కొలిచే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కిడ్నీ ద్వారానే పోవాలి, కిడ్నీ లేకపోతే గుండె బాగున్నా అంకె పెద్దదే వస్తుంది. ఆ ఒక్క అంకె చూసి బెంగపడొద్దు. ఎకో (గుండె స్కాన్) చేయిస్తారు, మీ పాత అంకెతో పోలుస్తారు. డయాలసిస్‌కి డయాలసిస్‌కి మధ్య నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగితే మాత్రం గుండె నిజంగానే సాగుతుంది.

## మార్పిడి తర్వాత

కొత్త కిడ్నీ పెట్టారు. ఈపీవో ఇంజెక్షన్ ఇక అక్కర్లేదా?

కొత్త కిడ్నీ బాగా పనిచేస్తే ఈపీవో తనే చేస్తుంది. మొదటి వారాల్లో ఆపరేషన్‌లో పోయిన రక్తం వల్ల, మందుల వల్ల హిమోగ్లోబిన్ తక్కువే ఉండొచ్చు, తర్వాతి నెలల్లో నిదానంగా పెరుగుతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 17.5 వచ్చింది. ఇన్నాళ్లకి రక్తం పట్టిందని సంబరపడ్డాం, డాక్టర్ కంగారుపడ్డారు. ఎందుకు?

మార్పిడి అయిన కొందరిలో, ఎక్కువగా మొదటి రెండేళ్లలో రక్తం అవసరానికి మించి తయారవుతుంది. రక్తం చిక్కబడితే గడ్డలు కట్టొచ్చు. దీనికి సాధారణంగా టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రల కుటుంబంలోవే ఇస్తారు, అవి రక్తం తయారీని కూడా కొంచెం తగ్గిస్తాయి. తలనొప్పి, ముఖం ఎర్రబడటం ఉంటే తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు.

ఇన్నేళ్లూ ఫాస్ఫరస్ ఎక్కువని పాలు, పెరుగు మాన్పించారు. ఇప్పుడేమో తక్కువుంది, తినమంటున్నారు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. ఏళ్ల తరబడి మీ ఎముకలు ఫాస్ఫరస్ పారేయమని ఎఫ్‌జీఎఫ్-23ని పంపుతూనే ఉన్నాయి, మెడలోని గ్రంథులు పీటీహెచ్‌తో అదే చెబుతున్నాయి. వినే కిడ్నీ అప్పుడు లేదు. ఇప్పుడు వచ్చింది, వాటి మాట విని ఫాస్ఫరస్‌ని గబగబా బయటికి పంపేస్తోంది. ఆ హార్మోన్లు నెమ్మదించడానికి కొన్ని నెలలు పడుతుంది, అప్పటిదాకా రిపోర్టులో ఫాస్ఫరస్ తక్కువగానే రావొచ్చు.

మా యూనిట్‌లో ఆరేళ్లు డయాలసిస్ చేయించుకున్న ఒకమ్మ మార్పిడి తర్వాత మమ్మల్ని చూడ్డానికి వచ్చి, 'పెరుగన్నం తిన్నాను సార్, మీగడతో' అని చెప్పింది. డాక్టర్ తినమన్నాక కూడా మొదటి రోజు భయంతో గిన్నెలో ఒక్క చెంచాడే వేసుకుందట.